ఈతచెట్లకు ఎలిశిబా కాపలా

మెదక్‌లో బట్టలు కుట్టుకుని బతికే ఎలిశిబాకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. పాలవాడు నీళ్ళు కలుపుతాడని, కూరగాయలామె తూకంలో దెబ్బ కొడుతుందని, కరెంటు పోతే పక్కింటివాళ్ళే తీగ కదిపారని ఆమె అనుమానం. అలాంటి మనిషి ఇంటి వెనక కాలువగట్టు మీది ఈతచెట్లను మాత్రం ప్రాణంగా చూసుకుంది. భర్త డేనియల్ చనిపోయిన ఏడాది ఇల్లు మూగబోతే, ఆ చెట్లమీది గిజిగాళ్ళ గోలే ఆమెను మళ్ళీ మిషను ముందు కూర్చోబెట్టింది. అప్పటినుంచి కట్టెలకని గొడ్డలి తెచ్చినవాళ్ళను తిట్టి తరిమేది. మేకలు గట్టెక్కినా ఊరుకునేది కాదు.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లోనే కొన్ని చెట్లు నడినెత్తిన పసుపెక్కి ఎండసాగాయి.  చేసినవాడెవరో ఎలిశిబాకు వెంటనే తెలిసిపోయింది, మదన్ మోహన్. గట్టు ఆయన పొలంలోదే. ఆయన వ్యవసాయం మానేసి ప్లాట్లు అమ్ముతున్నాడు. ఇంకేం కావాలి? మిషను కిటికీ దగ్గరకు జరుపుకుని కాపు కాసింది. ఆయన చేతిలో నీళ్ళసీసా కనబడినా అది విషమేనని ఆమె లెక్క. చెట్లెందుకు చస్తున్నాయో అని ఆయన వినేలా అంటే, ఎండలకేమో అన్నాడాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకుంది.

చర్చివాళ్ళు ఈతమట్టలు పట్టుకుని ఊరేగే మట్టల ఆదివారం దగ్గరపడింది. ఇక ఆగలేక గట్టు మీదే నలుగురిలో ఆయన్ని నిలదీసింది.

"చెట్లకు మందు పోసింది మీరే పటేలా. ఇవి సస్తే జాగ ఖాళీ అయితదని."

మదన్ మోహన్‌కు కోపం వచ్చింది గాని అరవలేదు. చేతికందే ఎత్తున్న చెట్టు దగ్గరకు పోయి మట్టలు విడదీశాడు.

"మందు పోస్తే చుట్టూత గడ్డి మాడకుండ ఉంటదా? జర మొవ్వు చూడుండ్రి."

చూసింది. చెట్టు నడుమ లేత మట్టలు పుట్టే మొవ్వే లేదు. కొడవలితో లోపలికంటా కోసిన గంటు కుళ్ళి నల్లబడి ఉంది. పక్క చెట్టూ అంతే. ఈతచెట్టు ప్రాణం మొవ్వులోనే ఉంటుందని, అది పోతే మళ్ళీ చిగురు రాదని చెప్పాడాయన.

ఆ కోత ఎవరిదో ఆమెకు తెలుసు. ఏటా చర్చి ఊరేగింపుకు మట్టలు కోసిచ్చేది తనే. ముదురు మట్టలు దేవునికెలా పెడతామని, లోపలి తెల్లటి లేతవే ఏరి కోసేది. పోయినేడు పిల్లలు సిలువలల్లుతారని ఇంకా లోతుకు కోసింది. ఎలిశిబాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది. అయినా బుద్ధి పోక, నిజంగానే ఏ మందూ పోయలేదా అని మరోసారి అడిగింది. పోయలేదన్నాడు.

మిగిలిన చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. చర్చివాళ్ళకు ఈసారి కింది ముదురు మట్టలే ఇస్తానంది, అవీ ఆయన్నే కోసిపెట్టమంది. ఇంట్లోకి పోయి కొడవలి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది మీ తాన్నే ఉంచుండ్రి పటేలా. మిమ్మల్ని నమ్మి ఇస్తలేను. లేత మొవ్వు కనబడితే నా చెయ్యి ఊకోదు."