బావ ఇచ్చిన పచ్చిక

ఇంట్లో చేపలతొట్టి ఉంటే మనసు ప్రశాంతంగా ఉంటుందని చెప్పేవాళ్ళెవరూ దాన్ని ఒక్కసారైనా కడిగి ఉండరు. అందులోనూ ఉప్పునీటి తొట్టి. సముద్రమైతే తన పాట్లేవో తనే పడుతుంది. దాన్నో గాజుపెట్టెలో పట్టి హాల్లో పెట్టుకున్నామా, ఆ పాట్లన్నీ మన నెత్తిన పడతాయి. ఉప్పు ఎక్కువైందా, నీళ్ళు వేడెక్కాయా, పంపు ఆగిందా అని చూసుకోవడంతోనే ఆదివారాలు తెల్లారిపోతాయి. వీధిలో అందరూ పళ్ళాయన అని పిలిచే మనిషికి అలాంటి తొట్టి ఒకటి ఉంది. ప్రశాంతత మాత్రం లేదు.

పళ్ళాయన డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే కట్టుడుపళ్ళు తయారుచేస్తాడు. ఫ్లాటులో ముందుగది ఆయన పనిగది. గోడ వెంట అరల్లో తెల్లటి ప్లాస్టరు దవడలు వరసగా ఎండుతుంటాయి. బల్ల మీద గులాబీరంగు మైనపు రేకులు, చిన్న గ్రైండింగు మోటారు, దాని కింద పొడి రాలడానికి ఒక పళ్ళెం. ఈ పొడి పళ్ళెంలోనే పడాలి, బయట ఒక్క రేణువు పడకూడదు. పని నేర్చుకున్ననాడు గురువు కొట్టి మరీ నేర్పిన అలవాటది. దాని సంగతి కాసేపట్లో వస్తుంది.

ఈ తొట్టి పిచ్చి ఆయనకు అంటించింది బావ. అక్క మొగుడు. ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ఒకసారి చేపల షాపులో నీళ్ళు చల్లబరిచే మిషను రిపేరుకు వెళ్ళి, పగడాలు చూసి, తిరిగొచ్చి బామ్మర్దికి పూనకం తెప్పించాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అక్కాబావలు భోజనానికి రావడం, అక్క టీవీ ముందు, వీళ్ళిద్దరూ తొట్టి ముందు కూర్చోవడం.

"ఏరా బామ్మర్దీ, నీ చేప నమల్లేకపోతోంది, ఒక సెట్టు కట్టివ్వకూడదూ?"

"ముందు నీకు కడతా బావా. మా అక్క చేతిలో ఎప్పుడు రాలతాయో తెలీదుగా."

"విన్నావా, మీ తమ్ముడు నన్నెంత మాటంటున్నాడో!" అని బావ హాలు దద్దరిల్లేలా అరిచేవాడు. అక్క టీవీ సౌండు పెంచేది.

ఒక ఆదివారం బావ నీళ్ళు నింపిన కవరులో అరచేతంత రాయి తెచ్చాడు. రాయి నిండా ఊదారంగు పొర. దీపం కింద పెట్టగానే ఆ పొరలోంచి సన్నటి పచ్చటి పోగులు లేచాయి, చివర నక్షత్రాల్లా విచ్చుకున్నాయి. నీటి ఊపుకు పచ్చికబయలు మీద గాలి వీచినట్టుంది. వేలు తగిలితే అన్నీ ఒక్కసారిగా లోపలికి ముడుచుకున్నాయి. "గ్రీన్ స్టార్ అంటార్రా ఈ పగడాన్ని. నీలాంటి బద్ధకస్తుడి చేతిలో కూడా చావదు" అన్నాడు బావ. అన్నమాట పొల్లు పోలేదు.

తర్వాత అక్కాబావలు విడిపోయారు. కోర్టులో చెప్పిన కారణం ఒకటి, నిజం ఇంకొకటి. రెండూ మనకు అనవసరం. అక్క కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం మానకుండానే సామాను సర్దుకుని తమ్ముడి ఫ్లాటుకు వచ్చేసింది. "ఆ మనిషి ఊసు ఈ ఇంట్లో వినపడకూడదు" అంది. ఆయన సరేనన్నాడు. తోడబుట్టినవాడంటే ఇలా ఉండాలని చుట్టాలంతా మెచ్చుకున్నారు. వారం పొడుగునా ఎదురుచూసే స్నేహితుడు ఆయనకు లేకుండాపోయాడని ఒక్కరికీ తట్టలేదు. విడాకులు ఇద్దరికే ఇస్తారు. మూడోవాడికి కాగితం కూడా రాదు.

పోనీ దొంగచాటుగా ఫోన్ చేద్దామన్నా, ఏమని పిలవాలి? మన భాషలో మాజీ మంత్రి ఉన్నాడు గాని మాజీ బావ లేడు. బావ అంటే అక్కకిచ్చిన మాట తప్పినట్టు. పేరు పెట్టి పిలిచేంత చనువు బావ అన్నందువల్ల వచ్చిందే, అది లేకపోతే ఇదీ లేదు. "ఏవండీ" అంటే పరాయి మనిషి. ఇన్నాళ్ళూ నువ్వు అన్నవాణ్ణి మీరు అనడం కంటే మాట్లాడకపోవడమే నయమనిపించి ఊరుకున్నాడు.

పచ్చిక ఊరుకోలేదు. ఒక రాయి నిండాక పక్క రాయి మీదికి పాకింది, వెనక అద్దం పట్టుకుంది. "గడ్డి కోయించరా, లేకపోతే గేదెను కొను" అనేది అక్క. ఆయనకు నవ్వు రాలేదు. ఆ పొర పాకుతున్న వైపే, చొక్కా గుండీ అంత ఉన్నప్పటి నుంచి పిడికిలంత అయ్యేదాకా తను పెంచుకున్న మెదడు పగడం ఉంది. మడతలు మడతలుగా, నిజంగా మెదడులాగే ఉంటుంది. ఊదా పొర దాని అంచు ఎక్కడం మొదలుపెట్టింది. పొర కప్పేసిన భాగం తెల్లబడి చచ్చిపోతోంది. అలా వదిలేస్తే అది మొత్తం పోవడం ఖాయం.

అప్పుడు ఆయన తనకు చేతనైన పని చేశాడు. రాళ్ళు ఒక్కొక్కటీ నీళ్ళపైకి ఎత్తి, మోటారు పెట్టి ఆ పొరను గ్రైండు చేశాడు. శుభ్రంగా, నున్నగా, ఒక్క రేణువు బయట పడకుండా తొట్టి మీదే పట్టుకుని మరీ చేశాడు. ఇన్నేళ్ళ అలవాటు. పొడి పళ్ళెంలో పడాలి. ఇప్పుడు తొట్టే పళ్ళెమైంది. రాలిన ప్రతి తునకా ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంది. కొన్ని వారాలకల్లా ఒకచోట ఉన్న పచ్చిక పాతికచోట్ల మొలిచింది. చేపల షాపువాణ్ణి అడిగితే, "ఇచ్చినవాళ్ళనే అడగండి సార్, వాళ్ళకే తెలుస్తుంది" అని నవ్వాడు.

అక్క డ్యూటీలో ఉండగా మధ్యాహ్నం పూట పనిగది తలుపు వేసుకుని ఫోన్ చేశాడు.

"నేనే" అన్నాడు.

"ఊఁ."

"ఇక్కడ గ్రీన్ స్టార్ బాగా పెరిగిపోయింది. ఏం చెయ్యాలో కనుక్కుందామని."

"ఎవర్ని కనుక్కుందామని?"

"ఫోన్ ఎత్తినవాళ్ళని."

అవతల చిన్న నవ్వు వినబడింది. "ఇంతకీ నువ్వేం చేశావు?"

"గ్రైండు చేశాను. తొట్టి మీద పట్టుకుని."

"తొట్టి మీదా! ఓరి నీ తెలివి తెల్లారా! పీకమంటే నాట్లు వేశావు కదరా!" పాత గొంతు, పాత అరుపు. పళ్ళాయన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ తిట్టు ఇంకాసేపు సాగితే బాగుండుననిపించింది. సాగలేదు. బావకు కూడా ఏదో గుర్తొచ్చినట్టు గొంతు తగ్గింది. "రాళ్ళు బయటికి తియ్యి. వేరే తొట్టిలో పెట్టుకో. పొర అంచు గోటితో లేపి, మొత్తం ఒక్క రేకులా ఊడదియ్యి. మైనపు రేకు లాగుతావు చూడు, అలా. సందుల్లో మిగిలినదాన్ని నీళ్ళలో గట్టిపడే ముద్దతో పూడ్చెయ్యి. ఒక్క చుక్క కూడా ఉంచకు. నేనిచ్చానని చెప్పి జాలిపడకు."

"ఎవరైనా వచ్చి దగ్గరుండి చూస్తే బాగుండేది."

"ఆ ఇంటికా? మీ అక్క నన్నే పూడ్చేస్తుంది" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ ఆదివారం హాల్లో ప్లాస్టిక్ షీటు పరిచారు. అక్క చేతులకు తొడుగులు వేసుకుని టబ్బు పట్టుకుంది. పొర నిజంగానే మైనపు రేకులా లేచింది, తడి చెప్పు వాసన వేస్తూ. గుహలాంటి సందులన్నీ ఆయన వేళ్ళతో ముద్ద కూరి మూశాడు. వెనక అద్దాన్ని బ్లేడుతో గీరి, లేచిన రేకును చేత్తో పట్టి బయటికి తీశాడు.

"ఇదంతా ఎవరు చెప్పార్రా నీకు?" అంది అక్క.

"తెలిసినవాళ్ళు."

"ఊఁ. బాగా తెలిసినవాళ్ళే అయ్యుంటారు" అని టబ్బు తీసుకెళ్ళి బయట పారబోసి వచ్చింది.

పని పూర్తిగా ఫలించింది. మెదడు పగడం ఒక అంచు పోయినా మిగతాది కోలుకుంది, మడతల్లోకి రంగు తిరిగింది. ఇక్కడితో ఆయన సంతోషించాలి. కానీ పొద్దున్నే దీపం వేసి, ఎక్కడైనా పచ్చచుక్క కనిపిస్తుందేమోనని అద్దానికి ముక్కు ఆనించి వెతికేవాడు. మొదట్లో భయంతో వెతికాడు. తర్వాత్తర్వాత అది భయం కాదని ఆయనకే తెలిసింది. చుక్క కనబడితే ఫోన్ చెయ్యొచ్చు. కనబడలేదు. బావ చెప్పినట్టే అంత బాగా చేశాడు మరి.

చివరికి ఒక సెలవురోజు, అక్క ఎదురుగా కూర్చుని తన కళ్ళజోడు మరలు బిగించుకుంటూ ఉండగానే ఫోన్ తీశాడు.

"ఏంటి, మళ్ళీ వచ్చిందా?" అన్నాడు అవతలి మనిషి.

"లేదు. ఎక్కడా లేదు."

"మరి?"

పళ్ళాయన అక్క వైపు చూశాడు.

"ఏం లేదు బావా. ఊరికే చేశాను."

అక్క చెయ్యి ఆగింది. తలెత్తలేదు, లేచి వెళ్ళనూ లేదు. కాసేపటికి మర మళ్ళీ తిప్పసాగింది, ఇందాకటికంటే మెల్లగా.

"రాళ్ళ కింద చూశావట్రా?" అన్నాడు బావ. "పైపైన చూస్తే ఏం కనపడుతుంది? అడుగున చూడు. ఉంటుంది."