నక్షత్రం చుట్టూ గీసిన సున్నా

ఆఫీసులో ఆమెను అందరూ భూతద్దం అక్క అంటారు. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు ఆకాశాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి పంపుతుంటే, అందులో ఏది గెలాక్సీయో ఏది ఉత్త మరకో కళ్లు చిట్లించి తేల్చడం పదకొండేళ్లుగా ఆమె పని. కోపమొస్తే కళ్లజోడు తీసి బల్లమీద పెడుతుంది.

ఆ మధ్యాహ్నం పెట్టలేదు, విసిరింది.

ఒక ఫొటో అంచున సన్నటి వెలుగు విల్లు కనిపించిందామెకు. ఎక్కడో వెనకున్న గెలాక్సీ వెలుగు, ముందున్న గెలాక్సీ బరువుకు వంగితే అలా కనిపిస్తుంది. కావాలని వెతికినా దొరకని సరుకు. తీరా చూస్తే, ఇలా తేల్చినవన్నీ ఎక్కించే జాబితాలో దాని ఊసే లేదు. ఐదింటికి జాబితా మూసేస్తారు. మళ్లీ తెరిచేది రెండేళ్లకు.

విసవిసా పెద్దాయన గదిలోకి వెళ్లింది. జాబితా ఖరారు చేసేది ఆయనే.

“ఏం సార్, నా విల్లును ఏ చెత్తబుట్టలో పడేశారు?”

“కూర్చో తల్లీ. పక్కనే పెద్ద నక్షత్రముంది. దాని వెలుగు అద్దాల్లో చిందితే ఇలాంటి దొంగగీతలు బోలెడు. అందుకే చుట్టూ సున్నా గీసి, లోపలున్నదంతా వదిలేశాం.”

“దొంగగీతైతే టెలిస్కోపు కాస్త పక్కకు జరగ్గానే చోటు మారాలి. నాలుగు ఫొటోల్లోనూ ఇది కదల్లేదు! బండిచక్రమంత సున్నా గీసిన ఆ మహానుభావుడెవరో పిలవండి, ఇక్కడే కడిగేస్తాను!”

పక్కగదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. పెద్దాయన తెర ఆమె వైపు తిప్పాడు. ప్రతి సున్నా పక్కనా గీసినవాళ్ల పేరుంటుంది.

ఆమె పేరే.

చెవులు ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు.

“మరి మీరెందుకు ఒప్పుకున్నారు? అప్పుడే అడ్డం చెప్పొద్దూ?”

“నీకు అడ్డం చెప్పి బట్టకట్టినవాడు ఈ ఆఫీసులో ఉన్నాడా తల్లీ?”

నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశాక, ఆయనే విల్లును జాబితాలోకి ఎక్కించాడు. నాలుగూ నలభై అయింది. ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది: మూడేళ్ల కిందట, ఎందుకొచ్చిన గొడవని, మూడొందల నక్షత్రాల చుట్టూ అంతంత సున్నాలూ చుట్టింది తనే.

పరుగున సీటుకొచ్చి ఒక్కొక్క సున్నా తెరిచి చిన్నది చేయసాగింది. మొగుడు ఫోన్ చేశాడు.

“బయల్దేరావా?”

“లేదు. ఒళ్లు మండుతోంది, పెట్టెయ్.”

“ఎవరి మీదే?”

“నా మీదే!”

“హమ్మయ్య,” అని పెట్టేశాడతను.

ఐదయ్యేసరికి పదకొండు సున్నాలు చిన్నవయ్యాయి. జాబితా మూసుకుంది. పన్నెండోది తెరిస్తే, మరో విల్లు. మొదటిదానికన్నా పొడుగ్గా, స్పష్టంగా.

భూతద్దం అక్క తనకొచ్చిన తిట్లన్నీ, ఒక్కటీ దాచుకోకుండా, పైకే తిట్టింది. ఎవరినని పక్కగదిలో ఎవరూ అడగలేదు. పదమూడోది తెరిచింది.