వాకిలి కడిగిన నీళ్ళు

"అమ్మా, ఆ బకెట్ కింద పెట్టు. ఇంకొక్క చుక్క రోడ్డు మీదికి పోకూడదు."

"వాషింగ్ మెషిన్ నీళ్ళేగా. పారబోసేవాటితో వాకిలి కడిగితే నీ సొమ్మేం పోయిందే?"

"చెట్లకి పోసుకో, తప్పు లేదు. రోడ్డు మీదికి వదిలితే తప్పు. నిన్న నువ్విలాగే కడుగుతుంటే ఎదురింటావిడ ఫోటో తీసి కంప్లైంట్ చేసింది. రేపు పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వస్తాడు."

"సబ్బు నీళ్ళకి పోలీసులా?"

"పోలీసులు కాదు. మా ఆఫీసువాళ్ళే."

నా చేతిలో చీపురు ఆగింది. నా కూతురు అరిజోనాలో నీళ్ళ ఆఫీసులో పనిచేస్తుంది. రోడ్డు పక్క కాలువల మీది జాలీల్లోకి వాననీరు తప్ప ఏదీ వదలకూడదని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం దాని పని. అందులో పడ్డ నీరు శుద్ధి కాకుండానే పార్కులోని కుంటకు చేరుతుందట.

"పూర్వం ఈ దేశంలో ఫ్యాక్టరీలవాళ్ళు ఏదిపడితే అది నదుల్లోకి వదిలేవాళ్ళు. ఒక నదిలో తేలే నూనెకి నిప్పంటుకుని నదే మండింది. అలాంటివన్నీ చూశాకే చట్టం చేశారు."

"నీళ్ళు మండుతాయా? నా చెవిలో పూలు పెట్టకు."

ఫోనులో ఫోటో చూపించింది. నల్లటి నీళ్ళ మీద పొగ.

నేను చదివింది మూడో తరగతే గాని, ఆ నలుపు నాకు తెలుసు. మా పొలం కాలువ చివర ఉండేది. ఎగువ మిల్లు వదిలిన నీటికి ఒక ఏడు నారుమడి అంతా మాడిపోయింది. మా నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగితే, "పారే నీళ్ళలో ఎవణ్ణి పట్టుకోమంటావయ్యా" అని నవ్వి పంపారు. ఇక్కడ పట్టుకుంటారు. పట్టుకున్నది నన్ను.

"నేనే కడిగానని చెప్తాను," అంది కూతురు. "నీది విజిటర్ వీసా. నీ పేరు వాళ్ళ కాగితం మీద పడకూడదు."

"ఆఫీసువాళ్ళతో అబద్ధమాడావని తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా?"

అది నా చేతిలో చీపురు లాక్కుని గోడకి ఆనించింది.

"అయితే నోరు మూసుకుని నిలబడు. కడిగింది నేను."

"నువ్వు ఇంట్లోంచి బయటికి రావద్దు, అంతే."

మర్నాడు ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కూతురు నోరు తెరిచేలోగా బకెట్, చీపురు తెచ్చి అతని ముందు పెట్టి, "ఐ వాష్. డాటర్ నో," అన్నాను. అతను దాని వైపు చూశాడు. అది తలవంచుకుని, అవునని, కడిగింది తన అమ్మేనని చెప్పింది. అతను నా పేరు అడగలేదు. ఇంటి అడ్రసు మీద హెచ్చరిక కాగితం రాసి ఇచ్చి వెళ్ళాడు. కూతురు దాన్ని బ్యాగులో పెట్టుకుని, తన మేనేజర్‌కి తనే చూపిస్తానని ఆఫీసుకి బయలుదేరింది. నేను ఆ పూట మెషిన్ నీళ్ళు నిమ్మచెట్టు పాదులో పోసి, వాకిలి పొడిగా ఊడ్చాను.