సైన్స్ ఫెయిర్‌కు పోయిన నల్ల వేపుడు

పంతొమ్మిదేళ్ల వయసులో ఎవరికైనా తనకంటే తెలివైనవాడు కనబడడు. ఆ రోజుల్లో నాకైతే అద్దంలో తప్ప ఎక్కడా కనబడలేదు. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి (బడి కూడా నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టిందనుకోండి) కోదాడలో ఒక మటన్ షాపులో పనికి కుదిరాను. మా ఊరు అనంతగిరి పక్కన. నాయన గొర్రెలు కాస్తాడు. అంటే గొర్రెను పెంచడం నాయన వంతు, దాని కథ ముగించడం నా వంతు. మధ్యలో మా చెల్లె మాత్రం ఆ గొర్రె లోపల ఏం జరుగుతుందో చదువుతానని కూర్చుంది.

చెల్లె అప్పుడు పదో తరగతి. సూర్యాపేటలో జరిగే జిల్లా సైన్స్ ఫెయిర్‌కు వాళ్ల బడి నుంచి దాన్ని ఎంపిక చేశారు. అప్పటికే ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. మిర్యాలగూడ కాలేజీలో బైపీసీ చదువుతానని అది, ఆడపిల్ల అంత దూరం ఎందుకని నాయన. చివరికి నాయనే తీర్పు చెప్పాడు. "ప్రైజు తెస్తే మిర్యాలగూడ. తేకుంటే కోదాడల మీ అత్త కాడ కుట్టుమిషిన్. ఇగ నన్ను సతాయించొద్దు."

దాని ప్రయోగం కణాల చుట్టూ ఉండే పొర గురించి. నేను మంచం మీద పడుకొని ఉంటే నా మీదే రిహార్సల్ చేసింది.

"ప్రతి కణానికి పల్చటి పొర ఉంటదన్నా. నీళ్లను రానిస్తది, పోనిస్తది. ఉప్పును మాత్రం ఇష్టమొచ్చినట్టు రానియ్యది. ఉప్పు ఏ దిక్కు ఎక్కువుంటే నీళ్లు గా దిక్కుకు పోతయి."

"పెండ్లిల మటన్ ఏ దిక్కుంటే జనం గా దిక్కు పోయినట్టు."

"జర ఇంటవా? ఉల్లిగడ్డ కణానికి పొర బయట గట్టి గోడ గూడ ఉంటది. గొర్రె రక్తంల కణానికి గోడ లేదు, ఉత్త పొరనే. ఉత్త నీళ్లల్ల ఏస్తే ఉల్లిగడ్డది ఉబ్బి ఆగుతది. గొర్రెది పలిగిపోతది."

"గోడ లేకుండ ఇల్లు కట్టిన మేస్త్రి ఎవడే?"

చీపురు నా మీదికి వచ్చింది కాబట్టి పాఠం అక్కడితో ఆగింది.

తాజా రక్తం తెచ్చే బాధ్యత నాది. ఫెయిర్ రోజు పొద్దున్నే షాపులో స్టీలు డబ్బా నిండా పట్టి, గడ్డకట్టకుండా చెల్లె చెప్పినట్టే పుల్లతో తిప్పీ తిప్పీ చెయ్యి నొప్పి పుట్టాక ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టాను. పక్కనే చెల్లె ఏరి పెట్టుకున్న ఎర్ర ఉల్లిగడ్డ ఉంది. నేను స్నానానికి పోయాను. అది జడలు వేసుకోను పోయింది. అప్పుడు వంటింట్లోకి అమ్మ వచ్చింది. మటన్ షాపులో పనిచేసే కొడుకు డబ్బాలో నల్ల (గొర్రె రక్తాన్ని మా వైపు ఇట్లనే అంటారు) తెచ్చి ఉల్లిగడ్డ పక్కన పెట్టిపోతే ఏ తల్లైనా ఏం చేస్తుంది?

బస్సులో డబ్బా నా ఒళ్లోనే ఉంది. వెచ్చగా తగిలింది. తాజా రక్తం కదా, వెచ్చగా ఉండక ఏముంటుందిలే అనుకున్నాను. (చెప్పాను కదా, నాకంటే తెలివైనవాడు కనబడలేదని.)

సూర్యాపేట బడిలో బల్ల మీద గాజు గొట్టాలు సర్దుకొని చెల్లె మూత తీసింది. ఘుమఘుమ. కరివేపాకుతో సహా.

"అన్నా... ఇదేంది?"

"నల్ల వేపుడు," అన్నాను. సైన్స్ రాకపోయినా వంట గుర్తుపట్టగలను. గోడ ఉన్న కణం, గోడ లేని కణం రెండూ ఒకే మూకుడులో మగ్గి ఉన్నాయి. (ఉల్లిగడ్డ దాని సంచిలో ఉందని నేను, నా దగ్గరుందని అది అనుకున్నాం.)

పక్క బల్ల మీద అగ్నిపర్వతం పెట్టుకున్న పిల్లగాడు మెడ చాపాడు. "అక్కా, మీ ప్రయోగం మస్తుంది!"

అమ్మకు ఫోన్ చేస్తే, "నాకెవలన్న చెప్పిండ్రా? సరే గని, తిన్నరా?" అంది.

చెల్లె ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. డబ్బా మూత పెట్టి, "కుట్టుమిషినేలే అన్నా," అంది. ఆ మాట వినగానే ఉరికాను. రెండు వీధుల అవతల మటన్ షాపు కనబడింది.

"అన్నా, జర నల్ల కావాలె!"

"ఫ్రైకా, కూరకా?"

"స్కూలుకు."

అతను కత్తి ఆపి నన్ను కిందికీ మీదికీ చూశాడు. పిచ్చోడితో మాటలెందుకని కాబోలు, చెంబులో పట్టి ఇచ్చాడు. పుల్లతో తిప్పుతూనే పరుగెత్తి వచ్చేసరికి గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. చొక్కా మీద రక్తం, చేతిలో రక్తం చెంబు. ఆయన తప్పేం లేదు.

"ఏడికి?"

"సైన్స్ ఫెయిర్‌కు."

"నువ్వా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను బడిలో సార్లందరూ అడిగిందే. ఇంతలో నా పక్క నుంచి పిల్లలు గుంపులు గుంపులుగా లోపలికి పోతున్నారు, వాళ్లను అడిగే దిక్కు లేదు. చివరికి చెల్లె వచ్చి, "మా అన్ననే సార్, నా ప్రయోగం సామాను తెచ్చిండు," అంటేగాని దారి ఇవ్వలేదు. ఉల్లిగడ్డ మధ్యాహ్న భోజనం వండే అక్కను అడిగితే దొరికింది.

జడ్జి మేడం వచ్చారు. చెల్లె ఒక గొట్టంలో ఉత్త నీళ్లు, ఇంకో గొట్టంలో కొలిచి కలిపిన పల్చటి ఉప్పు నీళ్లు పోసి, రెండింట్లోనూ రెండేసి రక్తపు చుక్కలు వేసింది. వెనక అచ్చు కాగితం పట్టుకొని నిలబడే ఉద్యోగం నాది. ఉప్పు నీళ్ల గొట్టం మసకగానే ఉంది, అక్షరం కనబడలేదు. ఉత్త నీళ్లది ఎర్రగానే ఉన్నా అద్దంలా తేటబడింది, అక్షరాలు చదవొచ్చు. కణాలన్నీ నీళ్లు తాగి పగిలిపోయాయన్నమాట. సూక్ష్మదర్శిని కింద ఉల్లిపొర కణాలు మాత్రం అదే ఉత్త నీళ్లలో ఇటుకల్లాగా కదలకుండా ఉన్నాయి.

"ఈ పొర పని ఇంకొంచెం తేలిగ్గా చెప్పగలవా?" అన్నారు మేడం.

చెల్లె నా వైపు చూసి నవ్వింది. "ఇందాక గేటు కాడ వాచ్‌మన్ పిల్లలను అడగకుండ పంపిండు మేడం, మా అన్నను ఆపిండు. నేను పోయి తోలుకొస్తే వచ్చిండు. పొర గూడ అంతే. నీళ్లు వాటంతట అవే పోతయి. కొన్నిటిని లోపలి నుంచి ఒకరొచ్చి తీసుకపోవాలె."

మేడం నవ్వారు. నేను నవ్వలేదు, కాగితం పట్టుకొని ఉన్నాను.

మూడో బహుమతి వచ్చింది. బస్సులో ఆ డబ్బా ఇద్దరం ఖాళీ చేశాం. నాయన సర్టిఫికెట్‌ను తిప్పి తిప్పి చూసి, "మూడోది గూడ ప్రైజేనా?" అన్నాడు. "ప్రైజే నాయినా," అన్నాను చెల్లె కంటే ముందు. జూన్‌లో దాని పెట్టె మోసుకొని మిర్యాలగూడ పోయిందీ నేనే.

ఇప్పుడు అది అక్కడే ఒక దవాఖాన ల్యాబ్‌లో రక్తాలు పరీక్ష చేస్తుంది. నేను కోదాడలో సొంత షాపు పెట్టుకున్నాను. గిరాకీ లేని పూట ఒక్కోసారి ఆ పంతొమ్మిదేళ్ల పోరడు గుర్తొస్తాడు. బడిలో తొమ్మిదేళ్లు కూర్చొని ఒక్క పాఠమూ పూర్తిగా వినని వాడు, ఆ రోజు బల్ల వెనక నిలబడి మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నాడు. మధ్యలో ఒక్క జోకు కూడా వేయలేదు.