ఒకే లాకులో బావా, బావమరిదీ

తొంభైల మొదట్లో బందరు కాలవలో పడవలు చాలా తక్కువ మిగిలాయి. అందులో ఒకటి మాది. కంకిపాడు వైపు నుంచి వరిగడ్డి వేసుకుని విజయవాడ వెళ్లి, దించేసి, ఖాళీగా తిరిగి వచ్చేవాళ్లం. గడ్డి దించుతున్నంతసేపూ నేను పటమట లైబ్రరీలో ఉండేదాన్ని. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. తరవాతి చదువంతా ఆ బల్లల దగ్గర నేను సంపాదించుకున్నదే. కాలవ ఎత్తు నుంచి పల్లానికి దిగే చోట కట్టిన లాకులు ఎలా పనిచేస్తాయో కూడా అక్కడే చదివాను. రెండు తలుపులూ పై నీటికి ఎదురుగా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. నీళ్ల బరువే వాటిని బిగించి మూస్తుంది. ప్రతి లాకులోనూ ఈ సంగతి మా ఆయనకు చెప్పేదాన్ని.

"నువ్వు చదివావని ఆ తలుపులకి తెలుసా?" అనేవారు.

ఒక ఏడు, వేసవికి కాలవ కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి. పైనుంచి నీళ్లు అప్పటికే తగ్గించారు. మా ఊరి దగ్గర లోతైన మడుగు ఉంది. అక్కడికి చేరితే పడవ వేసవంతా నీళ్లలోనే ఉంటుంది. దారిలో చిక్కుకుంటే ఎండిన కాలవలో చెక్కలు బీటలు వారతాయి. మా బతుకుతెరువు ఆ పడవే.

ఆఖరి లాకు దగ్గర, దాన్ని నడిపే సాయిబు గారు తలుపు తీయనన్నారు.

"ఒక్క పడవ కోసం ఇన్ని నీళ్లు వదిలేస్తానా? ఇంకోటి రానీయండి, జతగా దించుతా."

"ఇంకెక్కడుందండీ పడవ? మాదే ఆఖరు."

"అదిగో, మీ బావమరిది వస్తన్నాడు."

మా ఆయన మొహం తిప్పుకున్నారు. గడ వేసుకుంటూ ఒక్కడే వస్తున్నది నా తమ్ముడు. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో, భోజనాల బంతిలో అందరూ వింటుండగా వాడు, "మా బావది పడవా? గేదెల కుడితి తొట్టి!" అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

రెండు పడవలూ పక్కపక్కనే లాకులోకి వెళ్లాయి. వెనక తలుపులు మూసి, సాయిబు గారు ముందరి తూములు ఎత్తారు. నీరు దిగుతుంటే, గట్టు మీది గుంజకు చుట్టిన తాడును చేత్తో కొంచెం కొంచెం వదులుతూ ఉండాలి. తమ్ముడి వైపు చూడకూడదన్న పంతంలో మా ఆయన ఆ తాడు కొసను పడవ ముక్కుకే ముడేసి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు.

ఉన్నట్టుండి పడవ ముక్కు గాల్లో ఉండిపోయింది. వెనక నేనున్న వైపు నీళ్లు అంచు దాకా వచ్చేశాయి.

"బావా, తాడు! తాడు వదులు!"

"ముడి రావట్లేదురా!"

తమ్ముడు కొడవలి తీసుకుని మా పడవలోకి దూకి, తాడు తెగ్గోశాడు. పడవ దభీమని నీళ్ల మీద పడింది. ముగ్గురం తడిసిపోయాం.

"మునగాలనుకుంటే కృష్ణలో మునగండయ్యా, నా లాకులో కాదు!" అని సాయిబు గారు పైనుంచి కేకలు.

"ముడేశావేంటి బావా? లాకు కొత్తా నీకు?"

"నీ మొహం చూడకూడదని అటు తిరిగానురా."

"నాకంటే ఆ నాచు గోడ బావుందా?"

"చానా బావుంది," అంటూనే మా ఆయన నవ్వేశారు.

మిగిలిన తాడు ముక్క గట్టు మీద నడుస్తూ లాగడానికి చాలదు. దాంతో రెండు పడవలనూ కలిపి కట్టి, తమ్ముడి తాడునే ఇద్దరూ భుజాన వేసుకున్నారు. నేను చుక్కాని పట్టుకున్నాను. నీళ్లు పలచబడిన చోట పడవల అడుగు బురదను రాసుకుంటున్న చప్పుడు వినిపించేది. వాళ్లిద్దరూ వాదులాట ఆపి, ఒక్క ఊపున లాగేవారు. పడవలు కదలగానే మళ్లీ అందుకునేవారు. పొద్దు వాలేసరికి రెండూ మడుగులో ఉన్నాయి.