నాలుగో కాలేజీ కోసం మహబూబాబాద్, భూపాలపల్లి

మా జనగామ డిగ్రీ కాలేజీ ఆడే అమ్మాయిల కబడ్డీ లీగ్‌లో నిరుడు నాలుగు కాలేజీలుండేవి. ఒకటి పెద్ద లీగ్‌కు వెళ్లిపోయింది. మిగిలింది మేము, దేవరుప్పుల, మహబూబాబాద్. నాలుగు లేకపోతే ఈ ఏడు లీగే ఉండదు. మా కెప్టెన్ స్రవంతికి ఇది ఆఖరి సంవత్సరం. నేను ల్యాబ్ అసిస్టెంటును. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని కాబట్టి మ్యాచ్‌ల పట్టిక వేసే పని నాదే. మహబూబాబాద్ కూడా ఖమ్మం లీగ్ వైపు చూస్తోందని తెలిసి, దాన్ని ఆపడానికీ భూపాలపల్లిని చేర్చడానికీ నోట్‌బుక్‌తో బయలుదేరాను.

ఉదయం 6:40కి రైలు. 8:45కి మహబూబాబాద్. స్టేషన్ బయట ఇడ్లీ తిని కాలేజీకి నడిచాను. అక్కడ ఆటలు చూసుకునే పీడీ మేడమ్ నా దూరాల పట్టిక పూర్తిగా చదివారు.

"భూపాలపల్లికి బస్సులు మారి నాలుగు గంటలా? ఖమ్మం దిక్కయితే ఒక్క రైలు. ఆడికి పోవుడు లేకుంట రాస్తే ఉంటం సార్."

న్యాయమే అనిపించింది. ఆ రెండు కాలేజీల మ్యాచ్ జనగామలో పెట్టి, గంటలు సరిచూసి మురిసిపోయాను.

10:50 రైలుకు వరంగల్, 12:30 బస్సుకు హనుమకొండ నుంచి భూపాలపల్లి. పరకాలలో ఎక్కిన ఒక అవ్వ నా పక్కన కూర్చుని నోట్‌బుక్‌లోకి తొంగిచూసింది.

"ఏంది కొడుకా, భూమి కొలుస్తున్నవా?"

"కాదవ్వా, కబడ్డీ."

"మా పిలగాండ్లు పక్కూరోళ్లతోని ఆడనీకి వాగు ఈదిపోయేటోళ్లు. గిన్ని లెక్కలు ఎవలు చూసిండ్రు?"

వాగు ఈదాలన్నా ముందు దాని వెడల్పు కొలవాలి కదా అనుకున్నాను.

2:25కి దిగాను. భూపాలపల్లి పీడీ నా పట్టిక చూసి పక్కన పెట్టేశాడు.

"జనగామల ఎందుకన్నా? పోయినేడు యూనివర్సిటీ పోటీలల్ల ఆ మహబూబాబాదోళ్లు మమ్ముల ఒక్క పాయింటుతోని కొట్టిండ్రు. మా ఊరోళ్ల ముంగట, మా మట్టిల ఆడాలె. రాకుంటే మేం చేరం. మ్యాటు మీద ఎవలైనా ఆడుతరు. మోకాళ్లు గీసుకపోతయని భయమేమో అడుగు!"

అన్నది అన్నట్టు పట్టిక పక్కన ఆ కాలేజీ గడిలో రాసుకున్నాను. అది నా అలవాటు. రెండు షరతులూ ఒకే పట్టికలో ఇమడవు. బస్టాండులో మిరపకాయ బజ్జీ సయించలేదు. పని చెడిందని చెప్పడానికి మహబూబాబాద్ మేడమ్‌కు ఫోన్ చేసి, రాసుకున్నది చదివాను.

"ఎవలికి భయం?"

"రాసింది చదివిన మేడమ్, అంతే."

"మొదటి మ్యాచే పెట్టుండ్రి. భూపాలపల్లిలనే. మట్టిలనే."

"నాలుగు గంటలు మేడమ్..."

"ఆరైనా వస్తం!"

4:30 బస్సెక్కి అవ్వ కోసం చూశాను, లేదు. లీగ్ పెంచాలని తిరిగేవారికి నా సలహా ఇది: దూరాల పట్టిక పట్టుకెళ్లండి, పక్కన ఎవరు ఎవరిని ఏమన్నారో రాయడానికి ఒక గడి ఖాళీ ఉంచండి. నేను గీసిన వాటిలో పనికొచ్చింది అదొక్కటే.

హనుమకొండలో జనగామ బస్సెక్కాక స్రవంతి ఫోన్ చేసింది.

"సార్, నాలుగైనయా?"

"అయినయి బిడ్డా."

వెనక జట్టంతా అరిచింది. అరుపులు తగ్గాక అడిగింది: "మరి మమ్ముల ఏమన్నరు?"

నోట్‌బుక్ రెండుసార్లు తిరగేశాను. జనగామ గడి ఖాళీ.

"ఏమనలే."

"ఒక్క మాట గూడ అనలేదా? జర ఫోన్ చేసి ఏమన్న అనుమనుండ్రి సార్!"