మునిగారి మీద సినిమా

కళ్లజోళ్ల దుకాణంలో వెనకగది అతనిది. ముందు హాల్లో దీపాలు, అద్దాలు, నవ్వులు ఉంటాయి. వెనకగదిలో ఒక బల్ల, అరగదీసే చక్రం, దాని మీద నీళ్లు చుక్కలుగా పడే సన్నటి గొట్టం, అతను ఉంటారు. రెంటికీ మధ్య గోడలో చిన్న కిటికీ. కౌంటర్‌లో అమ్మాయి ఆర్డరు చీటీని ట్రేలో పెట్టి కిటికీలోంచి లోపలికి తోస్తుంది. అతను అద్దాల అంచులు అరగదీసి, ఫ్రేములో బిగించి, అదే ట్రేని బయటికి తోస్తాడు. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస. ఊళ్లో సగంమంది అతని చేతి అద్దాల్లోంచే లోకాన్ని చూస్తున్నారు గానీ, అతని మొహం చూసినవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. దుకాణంలో అందరూ అతన్ని మునిగారు అంటారు. మునులు కోరికల్ని వదిలేస్తారు. మన ముని వదిలేసింది మనుషుల్ని, అదీ వైరాగ్యంతో కాదు, భయంతో.

ఆ భయం సంగతి కొంచెం చెప్పాలి. ఎవరికైనా ఫోను చెయ్యాలంటే ముందు కాగితం మీద రాసుకుంటాడు, "హలో" దగ్గర్నుంచి "ఉంటానండీ" దాకా. అవతలివాళ్లు కాగితంలో లేని ప్రశ్న వేశారా, ఫోను టక్కున పెట్టేస్తాడు. బస్సులో తన స్టాపు దగ్గర ఇంకెవరూ లేవకపోతే "ఆపండి" అనడానికి నోరు పెగలదు. తరవాతి స్టాపు దాకా వెళ్లి, దిగి, వెనక్కి నడుస్తాడు. ఎవరింటికైనా విందుకి వెళ్తే నలుగురి మధ్య నిలబడలేక పదిసార్లు చేతులు కడుక్కుంటాడు. నలభై ఆరేళ్ల మనిషి! ఇవన్నీ ఎవరికీ తెలియవనీ, లోకంలో ఇలాంటి పిరికిపని చేసేది తానొక్కడేననీ అతని గట్టి నమ్మకం.

అతని తలుపు కొట్టే మనిషి ఒక్కతే, చెల్లెలు. ఆమె బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చదివి చెబుతుంది. ఆమె కూడా పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. ప్రతి ఆదివారం పదకొండింటికి వస్తుంది. రెండు గంటలసేపు గలగలా మాట్లాడుతుంది. తప్పిపోయిన సూట్‌కేసులు, కొట్టుకున్న డ్రైవర్లు, ఒక బస్సుకి బదులు ఇంకో బస్సెక్కి నిద్రపోయిన ముసలాయన, అన్నీ చెబుతుంది. అతను "ఊఁ" అంటాడు. ఆమె వెళ్లిపోయాక కూడా గది వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ రెండు గంటలే లేకపోతే ఆ మనిషికి వారమంతా ఎవరితోనూ పనికి సంబంధం లేని మాట ఒక్కటీ ఉండదు.

ఒక ఆదివారం ఆమె వెళ్తూ వెళ్తూ బల్ల మీద ఒక సినిమా టికెట్టు పెట్టింది.

"మధ్యాహ్నం ఆటకి వెళ్లు అన్నయ్యా. తప్పకుండా చూడు" అని, అతను ఎందుకని అడిగేలోపల మెట్లు దిగిపోయింది.

అడిగేవాడు కాదనుకోండి. కానీ వెళ్లాడు. చీకట్లో కూర్చుని చూసే పని కాబట్టి సినిమాలంటే అతనికి భయం లేదు. తెర మీద ఒక రికార్డు రూములో పనిచేసే మనిషి. మొదటి పదినిమిషాల్లో ఆ మనిషి ఫోను ముందు కూర్చుని కాగితం తీసి "హలో" అని రాసుకున్నాడు. మనవాడు ఉలిక్కిపడి ముందుకి వంగాడు. ఆ తరవాత బస్సు. ఆ మనిషి తన స్టాపు వచ్చినా నోరు పెగలక, తరవాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాడు. హాలంతా నవ్వింది. ముందు వరసలో ఒకాయన అయితే తొడ చరుచుకుని మరీ నవ్వాడు. ఆ తరవాత విందు, చేతులు కడుక్కోవడం. ఎనిమిదిసార్లు చూపించారు. పదిసార్లు చూపించలేదు, అంతే తేడా.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను సీటులో కిందికి జారిపోయాడు. ఇది కథ కాదు, తన బతుకు. ఎవరో తనని పొంచి చూసి సినిమావాళ్లకి చేరవేశారు. ఎవరు?

మర్నాటి నుంచి మునిగారు డిటెక్టివ్ అయ్యారు. కిటికీ సందులోంచి కౌంటర్‌లో అమ్మాయిని గమనించాడు. ఆమె ట్రే తోస్తూ నవ్వింది. ఇదివరకు కూడా ఇలాగే నవ్వేదా, ఇప్పుడే మొదలుపెట్టిందా? యజమాని గదిలోకి తొంగిచూసి, "ఏమండీ మునిగారూ, ఒంట్లో బావుందా?" అన్నాడు. పంతొమ్మిదేళ్లలో లేనిది ఇవాళే ఎందుకడిగాడు? కింది ఇంటాయన మెట్ల మీద ఎదురై పక్కకి తప్పుకున్నాడు. తప్పుకున్నాడా, నవ్వు దాచుకున్నాడా? కానీ వీళ్లెవరికీ కాగితాల సంగతి తెలిసే దారి లేదు. ఆలోచించగా ఆలోచించగా ఒకటి గుర్తొచ్చింది. ఆమధ్య అతనికి జ్వరం వస్తే బట్టలు ఉతికి పెట్టింది చెల్లెలు. చొక్కా జేబులో నీళ్ల కుళాయి బాగుచేసేవాడికి చెయ్యాల్సిన ఫోను తాలూకు కాగితం ఉంది. ఆమె దాన్ని తీసి బల్ల మీద ఆరబెట్టింది కూడా.

అంతలో ఇంకోటి తట్టింది. పోయినేడు బస్టాండులో నాలుగు రోజులు షూటింగు జరిగిందని చెప్పింది కూడా ఆమే! సినిమావాళ్లు తనతో మాట్లాడారనీ, మంచివాళ్లనీ ఎంత సంబరంగా చెప్పింది!

రుజువు కోసం అదే సినిమాకి మళ్లీ వెళ్లాడు. ఈసారి కథ చూడలేదు, చివర్లో పాకే పేర్ల కోసం కూర్చున్నాడు. జనం లేచి అడ్డంగా నడుస్తుంటే మెడ సాచి చదివాడు. "బస్టాండు సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక వరస పైకి పాకి వెళ్లింది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాను పట్టేశాడు. పట్టినందుకు ఒక్క క్షణం గర్వపడ్డాడు కూడా. ఆ గర్వం హాలు బయటికి వచ్చేసరికి పోయింది. లోకంలో తనకున్న ఒక్క మనిషీ తనని నలుగురి ముందు నవ్వులపాలు చేసిందన్న బాధ ఒక్కటే మిగిలింది.

ఆ ఆదివారం పదకొండింటికి తలుపు చప్పుడైంది. అతను తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"అన్నయ్యా" అని రెండుసార్లు పిలిచి, కాసేపు నిలబడి, ఆమె వెళ్లిపోయింది. ఆ వారం మూడుసార్లు ఫోను మోగితే తియ్యలేదు. రెండో ఆదివారం కూడా అంతే. తగిన శాస్తి అనుకున్నాడు గానీ, శాస్తి ఎవరికి జరుగుతోందో పనిలో తెలిసింది. మంగళవారం ఒక అద్దాన్ని ఎక్కువ అరగదీశాడు. ఫ్రేములో పెడితే గలగల్లాడింది. బుధవారం ఇంకోటి. పంతొమ్మిదేళ్లలో ఎన్నడూ లేనిది, రెండు రోజుల్లో రెండు అద్దాలు బుట్టలోకి వెళ్లాయి. యజమాని ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా అనుమానంగా ఉంది.

మూడో ఆదివారానికి ఇక తాడోపేడో తేల్చుకోవాలనుకున్నాడు. పొద్దున్నే కూర్చుని కాగితం మీద రాసుకున్నాడు. "నా సంగతులు వాళ్లకి ఎందుకు చెప్పావు? నేను నీకేం అన్యాయం చేశాను? ఇకమీదట మా ఇంటికి రావద్దు." మూడో మాట రాసేటప్పుడు చెయ్యి ఆగింది. అయినా రాశాడు. పదకొండు కాకముందే కాగితం పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. గుమ్మం దాకా వచ్చి ఆగింది. తలుపు కొట్టలేదు.

ఎందుకు కొట్టదు? లోపల తానున్నాడో లేడో వింటోందా? అతను తలుపుకున్న చిన్న గాజు కన్నుకి కన్ను ఆనించాడు. చెల్లెలు చేతిసంచీలోంచి ఒక కాగితం తీసింది. గోడ వైపు తిరిగి, గొంతు తగ్గించి చదువుతోంది.

"అన్నయ్యా, ఈ వారం ఏం జరిగిందో తెలుసా..." ఆగింది. తల అడ్డంగా ఊపింది. "ఏం జరిగిందో తెలుసా అన్నయ్యా, ఒకావిడ పిల్లిని బుట్టలో పెట్టుకుని..."

అక్కడ నవ్వింది. నవ్వు సరిగ్గా రాలేదు కాబోలు, మళ్లీ మొదటినుంచి చదివి మళ్లీ నవ్వింది.

అతను తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్నేళ్లుగా తప్పిపోయిన సూట్‌కేసులు, కొట్టుకున్న డ్రైవర్లు, నిద్రపోయిన ముసలాయన, అవన్నీ ధారగా వస్తున్నాయనుకున్నాడు. చెల్లెలికి దేవుడు నోరిచ్చాడు, తనకివ్వలేదు అని కుళ్లుకున్న రోజులు కూడా ఉన్నాయి. అవన్నీ ఈ మెట్ల మీద వల్లెవేసుకుని వచ్చిన మాటలా? తనలాంటి మూగమొద్దుతో మాట్లాడటానికి కూడా దీనికి ఇంత భయమా?

తలుపు తీశాడు.

ఆమె ఉలిక్కిపడి కాగితం వెనక్కి దాచుకుంది. "నేనింకా కొట్టలేదుగా" అంది.

"లోపలికి రా."

ఆమె వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. కాగితంలో ఈ మాటకి జవాబు లేదు మరి. అతని దగ్గరా కాగితం ఉంది, దాన్ని నలిపి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఆ సినిమాకి నన్నెందుకు పంపావు?" అన్నాడు చివరికి.

"నా సంగతి నీకు చెబుదామని. నోటితో చెప్పలేక." ఆమె కళ్లెత్తలేదు. "ఆ బస్సు సీను చూశావు కదా. వారానికి రెండుసార్లు నేను అలాగే వెనక్కి నడుస్తాను. మైకు ముందు ఫరవాలేదు, వాళ్లు రాసిచ్చింది చదివేస్తాను. బయటికొస్తే నోరు రాదు. సినిమా చూసి ఏడుపొచ్చింది. నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్నమాట అనిపించింది. చూస్తే నీకు తెలుస్తుందిలే, ఇది మా చెల్లెలే అనుకుంటావు అనుకున్నాను. అనుకున్నావా?"

అబద్ధం చెప్పడం తేలికే. కానీ అప్పటికప్పుడు అల్లడం అతనికి చేతకాదు.

"లేదు. అది నేనే అనుకున్నాను. నువ్వు నా గురించి వాళ్లకి చెప్పావనుకున్నాను."

"నీ గురించా?" ఆమె తెల్లబోయింది. "నీ గురించి చెప్పడానికేముంది? నీకెవరూ అక్కర్లేదు కదా అన్నయ్యా. నిన్ను చూసి ఎంత ధైర్యమో అనుకుంటాను."

జ్వరం వచ్చినప్పుడు దొరికిన కాగితం సంగతి అడిగాడు. అదేదో సామాన్ల జాబితా అనుకుందట, చదవనే లేదట. అతనికి సిగ్గుతో చెవులు మండాయి. ఇన్నాళ్లూ అందరూ తననే చూస్తున్నారని హడలిపోయాడు. చూడాల్సిన ఒక్క మనిషిని తాను చూడలేదు.

"పోయిన రెండు ఆదివారాలూ నేను ఇంట్లోనే ఉన్నాను. కోపంతో తలుపు తియ్యలేదు" అన్నాడు.

"తెలుసు. తలుపు కింద సందులోంచి నీ పాదాలు కనిపించాయి."

"తెలిసి కూడా మళ్లీ ఎందుకొచ్చావు?"

ఆమె చేతిలో కాగితం వంక చూసింది. అందులో అది రాసి లేదు. ఆలోచించుకుని, మెల్లగా, తడబడుతూ చెప్పింది.

"తలుపు దాకా వచ్చావు కదా అన్నయ్యా. అక్కడిదాకా రావడం ఎంత కష్టమో నాకు తెలీదా?"